లాంచీ ఇసుకలో దిగబడింది, సంక్రాంతి కొండరెడ్ల ఇంట్లో అయింది

పడవ ప్రయాణంలో ఉండగా పండగ వచ్చి ముక్కూమొహం తెలియనివాళ్ల ఇంట్లో గడపాల్సి వస్తే మొహమాటంగా ఉండదా అని కదా మీరు అడిగింది. ఉంటుందండీ. మొదటి గంట చచ్చేంత మొహమాటం. తర్వాత ఆకలేస్తుంది, దాంతో సగం తీరిపోతుంది. మిగతా సగం మా అమ్మకి ఎలా తీరిందో చెప్తాను.

1998 సంక్రాంతి. మాది రాజమండ్రి. అక్కకి పెళ్లయి ఏడాది కాలేదు, బావగారికి కూనవరంలో ఉద్యోగం (అప్పట్లో అది ఖమ్మం జిల్లా, 2014లో ఆంధ్రాలో కలిపారు), పండక్కి సెలవు దొరకలేదు. కొత్త అల్లుడు రాలేకపోతే మనమే పండగ మోసుకెళ్దాం అన్నాడు నాన్న. అమ్మ అరిసెలు, సున్నుండలు పెద్ద స్టీలు డబ్బాలో కుక్కింది, అక్కకీ బావకీ కొత్తబట్టలు ఒక సంచిలో. మారేడుమిల్లి మీదుగా బస్సులో హాయిగా పోవచ్చు, కానీ మా నాన్నకి లాంచీ పిచ్చి. భోగి మంట ఆరకముందే బయల్దేరి, దేవీపట్నం దాకా బస్సు, అక్కడ లాంచీ.

గోదావరి మీద వర్షాకాలంలో భయం వరదకీ సుడులకీ. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర బోటు మునిగింది అలాంటి వరద నీళ్లలోనే. జనవరిలో సంగతి వేరు, నీళ్లు తగ్గి ఇసుక మేటలు పైకొస్తాయి, నిన్న దారి ఉన్నచోట ఇవాళ ఉండదు. ముందు ఒక కళాసీ వెదురుగడ నీళ్లలో గుచ్చుతూ లోతు అరిచి చెప్తుంటే వెనక సరంగు దాన్నిబట్టి తిప్పుతున్నాడు. పాపికొండలు ఇంకా రాలేదు, పొద్దు వాలుతోంది, కళాసీ ఏదో అరిచాడు, ఆ అరుపు పూర్తికాకముందే కింద బర్రుమని చప్పుడైంది, అంతే. మగాళ్లందరం మోకాళ్ల లోతు నీళ్లలో దిగి గంటసేపు తోశాం. కదల్లేదు. చీకట్లో నడపను, పొద్దున పైనుంచి ఇంకో లాంచీ వస్తుంది, తాడు కట్టి లాగిస్తా అని సరంగు చేతులు దులుపుకున్నాడు. సెల్‌ఫోన్లు లేవు, అక్కకి చెప్పే దారి లేదు, అమ్మకి ఒకటే టెన్షన్.

ఒడ్డున పదిహేను గడపల ఊరు, కొండరెడ్లది, అంటే ఆ కొండల్లో ఉండే గిరిజనులది. వాళ్ల మాతృభాష తెలుగే కాబట్టి మాటకి ఇబ్బంది లేదు, కాస్త యాస తేడా అంతే. ఎవరు పిలిచారో ఎవరు పంచారో తెలీదు గానీ పాతిక మందిమి పది నిమిషాల్లో తలా ఒక ఇంటికి సర్దుబాటైపోయాం. మాకు దొరికింది ఒక మామ్మగారి ఇల్లు. మట్టిగోడలు, గడ్డి కప్పు, అలికిన అరుగు. అరుగు ముందు చలిమంట వేశారు, నాన్న అరచేతులు కాచుకుంటూ ఇవాళ మనకిది రెండో భోగి అన్నాడు. ఉడకబెట్టిన కందికాయలు ఒక చేట నిండా తెచ్చి మా మధ్య పెట్టారు. వేడివేడిగా ఒలుచుకు తింటుంటే వేళ్లు కాలేవి, ఎవరూ ఆపలేదు. ఇంటాయన నాన్నని చాటుకి పిలిచి జీలుగు కల్లు ఇచ్చాడు, అమ్మ చూడనట్టు నటించింది.

తెల్లారితే సంక్రాంతి. మంచు ఎంత దట్టంగా ఉందంటే ఒడ్డున నిలబడితే లాంచీ కనపడలేదు. అసలు వాళ్లకి సంక్రాంతి అంత పెద్ద పండగ కాదు, భూమి పండగ, మామిడి పండగ, అవీ వాళ్లకి ముఖ్యం. కానీ మామ్మగారు మాత్రం పొద్దున్నే "ఇయ్యాల మీ పండగ కదా" అని కోడిని కోయించేశారు. ఇక్కడ వచ్చింది చిక్కు. మాకు సంక్రాంతి పెద్దలకి పెట్టుకునే రోజు, నీచు కనుమనాడే. అమ్మ నా వైపు, నేను నాన్న వైపు, నాన్న కోడి వైపు. చివరికి అమ్మ నసుగుతూ చెప్పింది, మామ్మగారూ ఏమనుకోకండి, ఇవాళ మేం పెద్దలకి పెట్టుకుంటాం అని. ఆవిడ ఏమీ నొచ్చుకోలేదు. "మేవూ పెడతాం. మా పెద్దలకి కోడే ఇష్టం" అంది! అమ్మకి నవ్వాగలేదు. నేనూ నాన్నా కూర తిన్నాం, అమ్మకి విడిగా కందిపప్పు, చింతపండు చారు. (బొంగులో చికెనా అని అడక్కండి, మాకు పెట్టింది మట్టికుండలో వండిన పులుసు. ఆ రుచి మళ్లీ తగల్లేదు.)

అప్పుడు అమ్మ అక్కకోసం తెచ్చిన డబ్బా మూత తీసింది. మామ్మగారు మురిసిపోతుందని మా ఊహ. ఒక అరిసె విరిచి, వాసన చూసి, కొంచెం నమిలి, "పాకం ముదిరిందమ్మాయ్" అంది. నిజమే, ముదిరింది, ఇంట్లో మేమెవరం ధైర్యం చేసి అనలేదంతే. ఆ మాటతో అమ్మ మొహమాటం మొత్తం పోయింది. ఇద్దరూ బెల్లం గురించి, బియ్యం నానబెట్టడం గురించి గంటసేపు వాదించుకున్నారు.

పదకొండింటికి మంచు విడిచింది, పై లాంచీ వచ్చింది, లాగింది. బయల్దేరేముందు నాన్న జేబులోంచి డబ్బు తీశాడు. ఇంటాయన మొహం మాడిపోయింది, చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. నాన్న చేసింది తప్పేనని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అమ్మ నాన్నని పక్కకి నెట్టి, బ్యాగులోంచి ఒక చీర తీసి, మామ్మగారికి బొట్టుపెట్టి చేతిలో పెట్టింది. పండగ పూట బొట్టుపెట్టి ఇచ్చిన చీర కాదనలేక ఆవిడ తీసుకుంది, బదులుగా నిన్న కందికాయలు పోసిన ఆ చేటే దులిపి అమ్మకిచ్చింది.

కాబట్టి మీకు చెప్పేదేంటంటే, పడవెక్కేటప్పుడు పంచడానికి తినేవి కాస్త ఎక్కువే పెట్టుకోండి, మీ ఆచారం ఏదన్నా ఉంటే దాచకుండా ముందే చెప్పేయండి, డబ్బు మాత్రం తీయకండి. ఆ ఊరికి మళ్లీ వెళ్దామంటే లేదు, పోలవరం నీళ్లలోకి పోయింది, అటువైపు ఊళ్లవాళ్లని పునరావాస కాలనీలకి తరలించారు.

ఇంతకీ అమ్మ ఇచ్చింది అక్క చీర. సాయంత్రం కూనవరం చేరాక సంచి విప్పి చూసుకుని అక్క గోల గోల. ఇప్పటికీ ప్రతి సంక్రాంతికీ ఫోన్లో ఒకసారి అడుగుతుంది, నా నెమలికంఠం రంగు చీర ఎప్పుడు కొంటావే అని.