తాతగారి తుపాకీ వయసెంత?

ప్రశ్న: మా తాతగారి జోడు గొట్టాల తుపాకీపై ‘పి. ఓర్ అండ్ సన్స్, మద్రాసు’ అని ఉంది. ఇది ఎప్పటిది?
– ఒక పాఠకురాలు, మైలాపూరు, చెన్నై

జవాబు: అమ్మా, ఆ పేరు మౌంట్ రోడ్డులో అమ్మిన దుకాణానిది, తయారీ ఇంగ్లండులో జరిగి ఉండవచ్చు. వయసు చెప్పేవి గొట్టాల అడుగునున్న ముద్రలు, అంటే గొట్టాల బలం పరీక్షించాక కొట్టిన గుర్తులు. ‘నాట్ ఫర్ బాల్’ (ఒంటి గుండు పేల్చరాదు) అని ఉంటే 1875–1887 మధ్య పరీక్షించినది. కిరీటం కింద ‘బీపీ’, ‘బీవీ’ ఉంటే 1904 తర్వాత బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. దయచేసి గరుకు కాగితంతో రుద్దకండి, ఆ ముద్రలు చెరిగిపోతాయి. గొట్టాలపై మెలికల చారలు కనిపిస్తే అది డమాస్కస్ రకం, అంటే ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి అతికి చేసిన గొట్టం. అందులో నేటి తూటా పెట్టడం ప్రాణాపాయం. లైసెన్సు మీ పేర లేకపోతే ముందుగా పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో జమ చేయండి. ముద్రలు అక్కడే చూడవచ్చు.