అమ్మ నా చేతి కాఫీ తాగడం లేదు

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. గుంటూరులో ఉద్యోగం, హాస్టల్‌లో ఉంటున్నాను. ఈ ఏడాదే బాప్తిస్మం తీసుకున్నాను. తెలిసినప్పటి నుంచి నాన్న మాట్లాడడం లేదు, అమ్మ నా చేతి కాఫీ కూడా తాగడం లేదు. వచ్చే నెల చెల్లి పెళ్లి. బొట్టు పెట్టుకుని, అందరితో పాటు పూజలో కూర్చుంటేనే రమ్మన్నారు. చర్చి సంఘంలో అక్కలేమో అసలు వెళ్లొద్దంటున్నారు. నమ్మకం వదులుకోలేను, చెల్లినీ వదులుకోలేను. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
- ఒక సోదరి

జవాబు: తల్లీ, 1981లో నేను బాప్తిస్మం తీసుకుని ఇంటికెళితే మా అమ్మ నాకో స్టీలు గ్లాసు విడిగా పెట్టింది. నర్సు ట్రైనింగ్‌లో ఉన్నదాన్ని, వారమంతా ఎవరెవరికో మందులు తాగించి వచ్చి ఇంట్లో అంటరానిదాన్నయ్యాను. అప్పుడది ద్వేషమనుకున్నాను. అమ్మ భయం వేరే. నా వెనక ఇద్దరు చెల్లెళ్లున్నారు, వాళ్లకు సంబంధాలు ఎలా వస్తాయని. బొట్టు లేని నా నుదురు చూసి ఆమె మతం గురించి ఆలోచించలేదు, మొగుడు పోయిన ఆడదాని మొహం గుర్తొచ్చి ఏడ్చింది.

ఇంకో సంగతి చాలా ఏళ్లు దాచాను. పూజగది ముందు నిలబడి నాన్నతో 'ఇవన్నీ రాళ్లు' అన్నాను. ఆయన మాట మానేసింది ఆ రాత్రి నుంచే. నేను మాత్రం 'క్రీస్తు కోసం నాన్న నన్ను వెలివేశాడు' అని ఊరూరా సాక్ష్యం చెప్పాను. యేసు శిష్యుడు పేతురు బైబిల్లోని తన మొదటి పత్రికలో, ఏ కారణాలతో బాధపడకూడదో చెబుతూ నరహంతకుడు, దొంగలతో పాటు పరుల జోలికి పోయేవాణ్ణీ చేర్చాడు. అది చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. నువ్వూ ఒకసారి గుర్తు చేసుకో, ఇంట్లో ఏమేం అన్నావో. అన్నదేదైనా ఉంటే దానికి మాత్రం క్షమాపణ అడుగు. నమ్మినందుకు అడగక్కర్లేదు.

ఇక పెళ్లి. వెళ్లు. ముహూర్తానికి కాదు, నాలుగు రోజుల ముందే వెళ్లు. పూజలో కూర్చోలేనని నాన్నకు ఒక్కసారి, మెల్లగా చెప్పు. వాదన పెట్టుకోకు. పసుపు దంచడం, చుట్టాలకు వడ్డించడం, చెల్లి పక్కన రాత్రంతా మేలుకోవడం, వీటికి ఏ అభ్యంతరమూ లేదు కదా. అక్షింతలంటావా, చెల్లి నెత్తిన దీవించి వేయడంలో నాకు తప్పు కనబడదు. మీ పాస్టరుగారు ఒప్పుకోకపోవచ్చు. బొట్టు పెట్టుకుంటే రక్షణ పోతుందనీ, తీసేస్తే వస్తుందనీ నేననుకోను, అది నీ మనస్సాక్షికే వదిలేస్తున్నా. వెళ్లొద్దంటున్న అక్కలకు బైబిల్లో రెండో రాజుల గ్రంథం అయిదో అధ్యాయం చూపించు. సిరియా సేనాపతి నయమాను మన దేవుణ్ణి నమ్మాక, రాజుతో పాటు రిమ్మోను దేవుడి గుడిలో వంగక తప్పదు, క్షమించమని అడిగితే ప్రవక్త ఎలీషా అతణ్ణి తిట్టలేదు, నెమ్మదిగా వెళ్లమన్నాడు. వంగమని నేననడం లేదు. ఇరుకున పడ్డవాళ్ల మీద ఎలీషా ఎంత మెత్తగా ఉన్నాడో చూడమంటున్నా.

మా అత్తగారిది ఒంగోలు వైపు. ఆ వైపే ఉన్న తాళ్లకొండపాడు అనే ఊళ్లో మాదిగలు 1860ల్లో క్రైస్తవులయ్యారు. 'ఆదివారం పనికి రాము, చచ్చిన గొడ్డు మాంసం తినం, విగ్రహాలకు మొక్కం' అన్నారు. అలా నిలబడ్డవాళ్లకు చాకలి బట్టలుతకలేదు, కుమ్మరి కుండలమ్మలేదు, కోతల్లో వాళ్లను పిలవకపోవడంతో ఏడాది గింజలు పోయాయి. అయినా తట్టుకున్నారు. వాళ్ల ధైర్యం గొప్పదే, కాదనను. కానీ వాళ్లకు పక్కింట్లోనూ ప్రార్థన చేసేవాళ్లే ఉన్నారు, ఒకరి ఇంట్లో గంజి లేకపోతే ఇంకొకరికి తెలుస్తుంది. నువ్వు హాస్టల్ గదిలో ఒక్కదానివి. ఆదివారం ఆరాధన ఒక్కటే సరిపోదు. వారం మధ్యలో వెళ్లి అన్నం తినగలిగే ఇల్లొకటి చూసుకో. ఉపదేశం చేసే ఇల్లు కాకపోతే మరీ మంచిది.

పెళ్లికి రానివ్వకపోతే ఆ రోజు నీకు అన్నం పెట్టే ఆ ఇంట్లోనే ఉండు. మర్నాడు చెల్లికి ఫోన్ చెయ్యి, చీర ఏ రంగో అడుగు. నేను పండక్కీ పబ్బానికీ ఇంటికి వెళ్తూనే ఉన్నాను, నా గ్లాసులో తాగి, కడిగి బోర్లించి వచ్చేదాన్ని. తొమ్మిదో ఏడు, నేను చెప్పులేసుకుంటుంటే నాన్న పేపర్లోంచి తల ఎత్తకుండానే, 'బస్సు ఎన్నింటికి?' అన్నాడు.