పోటీని గురించి రాసేటప్పుడు: మేనకోడలికి ఒక లేఖ

హైదరాబాద్

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు పత్రికలో ఉపసంపాదకురాలిగా చేరావని, ఇప్పటికి క్రీడా విభాగంలో కూర్చోబెట్టినా ఎన్నికలు దగ్గరపడితే రాజకీయ వార్తలు కూడా దిద్దవలసి వస్తుందని మీ అమ్మ చెప్పింది. ఈ రెండు చోట్లా నీ చేతి మీదుగా వెళ్ళేవి ఒకరితో ఒకరు తలపడే మనుషుల వార్తలే. అందుకు తెలుగులో మాటలకు కొదవ లేదు. అయితే ఎడిషన్ వేళ మించిపోతున్నప్పుడు పోరు, సమరం, వైరం, కక్ష అన్నీ ఒక్కటే అన్నట్లు పేజీలోకి దొర్లుకొస్తాయి. ఎదురెదురుగా నిలిచిన ఇద్దరిని పాఠకుడు సాటివారిగా చూడాలా, శత్రువులుగా చూడాలా అన్నది నీవు ఎంచుకున్న మాటే నిర్ణయిస్తుంది కనుక, చాలాకాలం ఇదే పనిలో ఉన్నవాడిగా నాకు ముఖ్యమనిపించినవి రాస్తున్నాను.

ముందు 'పోటీ' అన్న మాటనే తీసుకో. దానికి సొంతంగా మంచీ లేదు, చెడూ లేదు. రంగు వచ్చేది పక్కన చేరే క్రియతోనే. 'ఎన్నికల్లో పోటీ చేశారు' అంటే నిబంధనల ప్రకారం బరిలో నిలిచారని మాత్రమే అర్థం. 'పోటీ పడ్డారు' అన్నప్పుడు అందులోకి శ్రమ వస్తుంది. రవీంద్రభారతి కచేరీలో ఇద్దరు గాయకులు 'పోటీపడి పాడారు' అని రాస్తే అది ఇద్దరికీ మెచ్చుకోలే, అక్కడ ఓడినవారు లేరు. అదే 'పోటీకి పోయాడు' అంటే తన స్థాయి తెలుసుకోక ఎగబడ్డాడన్న చిన్నచూపు కనిపిస్తుంది. 'పోటీగా సభ పెట్టారు' అంటే ఎదుటివారి పని చెడగొట్టాలన్న ఉద్దేశాన్ని వారికి అంటగట్టినట్లే. విలేఖరి పంపిన కాపీలో నామవాచకాన్ని అందరూ చూస్తారు. నీవు క్రియను చూడు, ఎందుకంటే తీర్పు దాగి ఉండేది అక్కడే.

పందెం, పంతం, పట్టుదల అనే మూడింటినీ కలిపేయవద్దు. పందెంలో ఒడ్డిన సొమ్ము ఉంటుంది. మలక్‌పేట గుర్రప్పందేలకూ సంక్రాంతి కోడిపందేలకూ ఆ మాట అచ్చంగా సరిపోతుంది. పరుగు పందెంలో ఎవరూ ఏమీ ఒడ్డకపోయినా అది రూఢి అయింది కాబట్టి దాని జోలికి వెళ్ళనక్కరలేదు. పంతంలో ఎదుటి మనిషి ఉంటాడు గానీ బహుమతి ఉండదు, గెలవడం కంటే తగ్గకపోవడమే అక్కడ ప్రధానం. పట్టుదలలో ఎదుటి మనిషి కూడా ఉండడు. గాయం నుంచి కోలుకుని మళ్ళీ మైదానంలోకి వచ్చిన అమ్మాయిది పట్టుదల; దానిని పంతమని రాస్తే ఎవరి మీద పంతమో పాఠకుడు వెతుక్కుంటాడు.

నాకు మిక్కిలి ఇష్టమైన మాట 'ప్రత్యర్థి'. అర్థి అంటే కోరేవాడు. పాత ధర్మశాస్త్రాల వ్యవహార పరిభాషలో వాదిని అర్థి అనీ, ప్రతివాదిని ప్రత్యర్థి అనీ అన్నారు. ఆ ఇద్దరూ ఒకే న్యాయస్థానం ముందు, ఒకే నియమానికి లోబడి నిలబడతారు. ఆ మర్యాద ఈనాటికీ ఆ మాటను విడిచిపోలేదు. శత్రువుకు అటువంటి నియమం లేదు, అతడిని లేకుండా చేయడమే కోరిక. అందువల్ల ఆటగాళ్ళకు 'చిరకాల ప్రత్యర్థులు' అనే మాట చెల్లుతుంది, 'బద్ధశత్రువులు' చెల్లదు. మరొకటి కూడా గమనించు: చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య పోటీ ఉంది, కానీ ప్రత్యర్థులు లేరు. తన ఉద్యోగం ఎవరికి పోతుందో, ఎవరిది తనకు వస్తుందో వారికి తెలియదు. నోట్సు ఇచ్చిపుచ్చుకునే ఆ పిల్లలను ఒకరికొకరు ప్రత్యర్థులని రాయడం అన్యాయం.

ఆటల విషయానికి వస్తే మన నగరమే నీకు మంచి ఉదాహరణ ఇచ్చింది. 2018 గోల్డ్‌కోస్ట్ కామన్వెల్త్ క్రీడల బ్యాడ్మింటన్ మహిళల సింగిల్స్ ఫైనల్లో సైనా నెహ్వాల్ 21-18, 23-21తో పి.వి. సింధును ఓడించింది. ఇద్దరూ హైదరాబాద్‌లో ఆట నేర్చినవారే, ఇద్దరూ పుల్లెల గోపీచంద్ శిక్షణలో ఎదిగినవారే. అటువంటి మ్యాచ్‌కు 'సమవుజ్జీలు', 'దీటైన ఆట', 'సాటి క్రీడాకారిణి' అనే మాటలున్నాయి. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలని మన పెద్దలు అన్నది ఎదుటివారికి గౌరవం ఇచ్చే మాట. ఇద్దరు స్త్రీలు తలపడ్డారనగానే 'సిగపట్లు' అని శీర్షిక పెట్టే అలవాటు కొందరికి ఉంది. నీ పేజీలో దానిని ఒక్కసారి కూడా రానీయవద్దు. 2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో ఓడిన సింధు, గెలుపు తట్టుకోలేక కోర్టు మీద పడి ఏడుస్తున్న కరోలినా మారిన్ దగ్గరకు వెళ్ళి ఆమెను లేపి కౌగిలించుకుంది. ఆ ఇద్దరి మధ్య ఉన్నదానికి వైరం అనే పేరు ఎలా పెట్టగలం?

'హోరాహోరీ' అనే మాటను కూడా పొదుపుగా వాడాలి. 2017 ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో నొజోమి ఒకుహర 21-19, 20-22, 22-20తో సింధుపై గెలిచిన 110 నిమిషాల ఆట దానికి తగినది. రెండు గేముల్లోనూ పది పాయింట్లు దాటని ఓటమికి ఆ మాట తగదు, 'ఏకపక్షం' అంటే చాలు. భారత్, పాకిస్థాన్ మ్యాచ్‌కు 'దాయాదుల పోరు' అనడం మన పత్రికల్లో స్థిరపడింది. దాయం అంటే పంచుకునే ఆస్తి, అందులో వాటా ఉన్నవాడు దాయాది. 1947లో ఒకే ఆస్తిని పంచుకున్న దేశాలకు అది సరిపోతుంది గానీ, హైదరాబాద్, చెన్నై జట్లకు తగిలించడం అర్థం లేని పని.

ఇక మనసులోని సంగతులు. ఇక్కడ నీవు అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాలి. అమరకోశం ఈర్ష్యను అక్షాంతి అన్నది, అంటే మన ఓర్వలేనితనమే. అసూయ అంటే ఎదుటివారి గుణంలో కూడా దోషాన్ని ఆరోపించడమని చెప్పింది. ఈర్ష్య లోపల ఉండిపోవచ్చు, అసూయ మాత్రం నోరు తెరుస్తుంది. మాత్సర్యం అరిషడ్వర్గాల్లో చివరిది. వాడుకలో కన్నుకుట్టడం, కడుపుమంట, కుళ్ళు ఉన్నాయి. వీటిలో ఏదీ విలేఖరి తన కంటితో చూడగలిగినది కాదు, అంటే ఏదీ వార్తలో నీ సొంత మాటగా రాకూడదు. ఒక క్రీడాకారుడు మరొకరిని విమర్శించాడంటే విమర్శించాడనే రాయి. 'మనస్పర్ధలు' కూడా అలాంటిదే. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారని ఎవరైనా పేరు పెట్టి చెబితే తప్ప వాడవద్దు. అది 'స్పర్ధ', 'స్పర్థ' కాదు, ప్రూఫులో చూసుకో.

పగ, కక్ష అనే మాటలు అంతకంటే బరువైనవి. పగ ఏళ్ళతరబడి నిలిచి హాని కోరుతుంది. కక్షసాధింపులో చేతిలో అధికారం ఉన్నవాడు కనిపిస్తాడు, అందుకే ప్రతిపక్షాలకు ఆ మాటంటే ఇష్టం. దానిని ఎప్పుడూ అన్నవారి పేరుతోనే ఇవ్వాలి. హత్యావార్తలో 'పాతకక్షలే కారణం' అని వస్తే అది ఎఫ్ఐఆర్‌లో ఉన్నదా, పోలీసు అధికారి అన్నదా, వీధిలో విన్నదా అని అడిగి తెలుసుకున్న తర్వాతే పేజీకి పంపు.

ఎన్నికల సంగతి క్లుప్తంగా చెబుతాను. 'ముఖాముఖి పోటీ' అని ముందే తేల్చేయవద్దు. 2023 శాసనసభ ఎన్నికల్లో కామారెడ్డిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్, అప్పటి రాష్ట్ర కాంగ్రెస్ (పీసీసీ) అధ్యక్షుడు రేవంత్‌రెడ్డి ఇద్దరూ నిలబడితే, ఇద్దరినీ ఓడించి గెలిచినది బీజేపీ అభ్యర్థి కాటిపల్లి వెంకటరమణారెడ్డి. ముక్కోణపు పోటీ అన్న మాట అక్కడ అక్షరాలా నిజమైంది. 'నామమాత్రపు పోటీ' అనాలంటే ఫలితం వచ్చేదాకా ఆగు. చెల్లిన ఓట్లలో ఆరో వంతు కంటే ఎక్కువ తెచ్చుకోలేక ధరావతు కోల్పోయినవారి గురించి ఆ మాట అనవచ్చు. ఒకే పార్టీలోని వారి మధ్య అయితే వర్గపోరు. దానిని కుమ్ములాట అని రాస్తే పక్షం వహించినట్లే.

వ్యాపార పేజీకి 'పోటీదారు', 'పోటాపోటీగా' చాలు. టెండరు వేసేవారు ముందే మాట్లాడుకుంటే పోటీ లేనట్లే, అప్పుడు 'కుమ్మక్కు' అన్న మాట కావాలి. అది ఆరోపణ కనుక రుజువు కూడా కావాలి.

చివరగా మన ఊరి మాటలు. సంక్రాంతికి మేడల మీద గాలిపటాలు ఒకదాని దారం ఒకటి కోసుకునే పేచ్‌లో సరదా ఉంది; అదే ఉర్దూ మాట తెలుగులో పేచీ అయి పొత్తుల చర్చల్లోకి వచ్చేసరికి అభ్యంతరం, తగవు అయింది. పతంగుల వార్తలో పేచ్‌ను పేచ్‌గానే ఉంచు. జిద్దు (పంతం), షర్తు (పందెం), లొల్లి (గొడవ) అనే మాటలు మనవాళ్ళు పలికినప్పుడు కూడా అలాగే చెయ్యి. ఒక పహిల్వాను తండ్రి 'మావోడు జిద్దుకు పోయిండు' అంటే దానిని 'పంతానికి పోయాడు' అని సవరించవద్దు. ఆయన గొంతులో ఆ జిద్దుకు కోపమూ ఉంది, కొడుకు మీద గర్వమూ ఉంది. ఆ రెండూ పాఠకుడికి చేరాలి.

ఆదివారం ఇంటికి వచ్చినప్పుడు నీవు దిద్దిన నాలుగు వార్తలు, విలేఖరులు పంపిన అసలు ప్రతులతో సహా తీసుకురా. కలిసి కూర్చుని క్రియలన్నీ చూద్దాం.

ఇట్లు,
మీ మామయ్య