హెండ్రిక్స్, పేజ్: ఏ తక్కెడలో తూచాలి?

రాక్ గిటారిస్టుల్లో జిమీ హెండ్రిక్స్ గొప్పా, జిమ్మీ పేజ్ గొప్పా అని మీ తమ్ముడితో వాదన ఎంతకీ తెగడం లేదన్నారు. ఇద్దరినీ ఒకే తక్కెడలో వేస్తున్నారు, చిక్కంతా అక్కడే.

హెండ్రిక్స్ మార్చింది గిటార్ శబ్దాన్నే. గిటార్ శబ్దాన్ని పెంచే యాంప్ నుంచి వచ్చే కీచుమోతను, అదే ఫీడ్‌బ్యాక్‌ను, చాలామంది వదిలించుకోవాలని చూస్తే ఆయన దాన్నీ స్వరంలా వాడుకున్నాడు. 1969లో వుడ్‌స్టాక్ సంగీతోత్సవంలో ఆయన వాయించిన అమెరికా జాతీయగీతం వినండి, మధ్యలో బాంబులు పడుతున్నట్టే ఉంటుంది. మరుసటి ఏడాదే, 27 ఏళ్లకే పోయాడు. బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు మూడే!

పేజ్ సంగతి వేరు. కచేరీల్లో అక్కడక్కడా తడబడతాడు (నేను ఆయన అభిమానినే, అయినా ఒప్పుకోవాలి). కానీ తన బ్యాండ్ లెడ్ జెప్పెలిన్ స్టూడియో ఆల్బమ్‌లన్నిటికీ ప్రొడ్యూసర్, అంటే రికార్డింగ్‌ను దగ్గరుండి నడిపించినవాడు, ఆయనే. హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో మెట్ల దిగువన హాల్లో డ్రమ్స్ పెట్టి, పైనుంచి మైకులు వేలాడదీసి పట్టిన ఆ మోత కోసం ఇప్పటికీ తంటాలు పడేవాళ్లున్నారు.

కాబట్టి ముందు తమ్ముణ్ని అడగండి, వాదన వాయించడం గురించా, రికార్డింగ్ గురించా అని. మొదటిదైతే హెండ్రిక్స్, అందులో నాకు అనుమానం లేదు. రెండోదైతే నా ఓటు పేజ్‌కే. కాకపోతే 1968 నాటి తన ఆల్బమ్ 'ఎలక్ట్రిక్ లేడీల్యాండ్'కు ప్రొడ్యూసర్ హెండ్రిక్సే అని తమ్ముడు గుర్తుచేశాడంటే మీకు మళ్లీ టెన్షనే.