ప్రాక్టీస్ హార్స్ షోకి వచ్చే రైడర్లకు ఏం కావాలె?

పాలమూరు దిక్కు చిన్న ప్రాక్టీస్ హార్స్ షో (అసలు పోటీలకు ముందు అలవాటు కోసం పెట్టే గుర్రాల పోటీ) పెడితే రైడర్లు ఏం చూస్తరు అని అడిగిన్రు కదా, ఫస్ట్ నేలనే చూస్తరు. మన చెల్క నేల ఎండితే రాయి లెక్క అయితది, గుర్రం దుంకి దిగినప్పుడు కాళ్లకు దెబ్బ, అందుకే దున్నించి ఇసుక పోయించి నీళ్లు చల్లిస్తే సగం పని అయినట్టే. గెలుపు కప్పులు ఎవరికి గావాలె (పిల్లలకు గావాలె అనుకోండ్రి), రైడర్లకు ఎక్కడ తప్పైందో తెల్వాలె. డ్రెసాజ్‌ల (గుర్రాన్ని చెప్పినట్టు నడిపించి చూపే పోటీ) ఒక్కో మూవ్‌మెంట్‌కు 0 నుంచి 10 దాంక మార్కులేస్తరు గద, 5 ఎందుకు పడ్డదో జడ్జి షీట్ల ఒక ముక్క రాస్తే రైడర్ మళ్లొస్తడు. డ్రెసాజ్ ఎరీనా (పోటీ జరిగే జాగ) 20 బై 40 మీటర్లు సాలు. జంపింగ్‌ల 40, 60 సెంటీమీటర్ల ఎత్తు అడ్డాలు దుంకే క్లాసులుంటే కొత్త గుర్రాలకు ధైర్యమొస్తది. వామప్‌కు వేరే జాగ, నీడ, నీళ్లు. ఎవరి టైమ్ ఎప్పుడో ముందురోజే వాట్సాప్‌ల పెట్టుండ్రి, ఎండకాలమైతే పొద్దుగాల 6కే షురూ చేసి 10 లోపల ఖతం చెయ్యుండ్రి.