మీరడగండి: నాయకుణ్ని ఎంచేది ఎంపీలా, కార్యకర్తలా?

ప్రశ్న: మా అమ్మాయి బ్రిటన్‌లోని లెస్టర్‌లో ఎమ్మెస్సీ చదువుతోంది. ‘ఇక్కడ ఎన్నికలొస్తే నేనూ ఓటేయొచ్చు నాన్నా’ అంటోంది, నాకు నమ్మకం కుదరడం లేదు. తను అద్దెకుంటున్న ఇంటాయన కన్జర్వేటివ్ పార్టీ మనిషట, ఎనిమిదేళ్లలో ఐదుగురు నాయకుల్ని మార్చామని తనే నవ్వుతాడట. ఎందుకా మార్పిడి?
– ఒక పాఠకుడు, ఎంవీపీ కాలనీ

జవాబు: అమ్మాయి చెప్పింది నిజమేనండి. మన దేశంతో సహా కామన్వెల్త్ దేశాల పౌరులు చట్టప్రకారం బ్రిటన్‌లో ఉంటూ ఓటరుగా నమోదైతే పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయొచ్చు, స్టూడెంట్ వీసా మీద ఉన్నా సరే. (ఇక్కడ మీ వార్డు జాబితాలో తన పేరుందో లేదో చూశారా? అది వేరే గొడవ లెండి.)

ఇక ఐదుగురి సంగతి. 2016లో ప్రధాని కామెరాన్ దిగిపోయాక మే, జాన్సన్, ట్రస్, సునాక్, 2024 నవంబరులో బేడెనాక్. బ్రెగ్జిట్ (యూరోపియన్ యూనియన్ నుంచి బ్రిటన్ బయటికి రావడం) వల్లే అని అందరూ అంటారు, కాదనను, కానీ నాకు కనబడే అసలు తిరకాసు ఎన్నుకునే పద్ధతిలో ఉంది. 1965 దాకా ఆ పార్టీలో ఎన్నికే లేదు, పెద్దలు నలుగురినీ కదిపి చూసి పేరు తేల్చేసేవారు. ఆ ఏడాది ఎంపీలు ఓటేసి హీత్‌ను తెచ్చుకున్నారు, పదేళ్లకి వాళ్లే ఆయన్ని కాదని థాచర్‌ని తెచ్చుకున్నారు. తెచ్చేదీ దించేదీ ఒకళ్లే కాబట్టి లెక్క సరిపోయింది. 1998లో పద్ధతి మార్చారు: ఎంపీలు వడగట్టి ఇద్దర్ని మిగిలిస్తే, అందులో ఒకరిని పార్టీ సభ్యులు ఎంచాలి. దించే అధికారం మాత్రం ఎంపీల దగ్గరే ఉండిపోయింది!

2001లో ఎంపీల ఆఖరి రౌండులో కెన్ క్లార్క్‌కి 59, ఇయాన్ డంకన్ స్మిత్‌కి 54 ఓట్లు. సభ్యులేమో స్మిత్‌ని గెలిపించారు. రెండేళ్లు దాటగానే ఎంపీలు 90–75తో ఆయన్ని ఇంటికి పంపారు. 2022లోనూ అంతే, ఎంపీల దగ్గర సునాక్‌కి 137, ట్రస్‌కి 113, సభ్యుల దగ్గర 57 శాతంతో ట్రస్ గెలుపు. ఆవిడ సర్కారు పన్నులు కోస్తూ తెచ్చిన మినీ బడ్జెట్‌తో పౌండు పడిపోయింది, 49 రోజుల్లో కథ అయిపోయింది. అత్తగారు ఏరికోరి తెచ్చిన కోడలితో కాపురం చేయాల్సింది మాత్రం కొడుకు. అదీ అక్కడి చిక్కు.

ప్రశ్న: ఏటండీ బాబూ, మొదటున్నోడు ఒక్క రోజులో మూడో చోటుకెలా పోయాడు? 2024లో కన్జర్వేటివ్ నాయకుడి పోటీలో నిలబడ్డ క్లెవర్లీ గారి గురించే అడుగుతున్నా.
– గాజువాక నుంచి ఒక రిటైర్డ్ ఉద్యోగి

జవాబు: ఆ పేరుకి ‘తెలివిగా’ అని అర్థం, దెబ్బ తగిలింది కూడా తెలివితోనే అంటారు. 2024 జులై ఎన్నికల్లో ఆ పార్టీకి మిగిలింది 121 మంది ఎంపీలే, అంటే ఒక్కో ఓటూ లెక్కే. అక్టోబరులో మూడో రౌండులో క్లెవర్లీకి 39, జెన్రిక్‌కి 31, బేడెనాక్‌కి 30, టుగెన్‌హాట్‌కి 20. టుగెన్‌హాట్ అవుట్. మర్నాడు బేడెనాక్ 42, జెన్రిక్ 41, క్లెవర్లీ 37. ఇరవై ఓట్లు కొత్తగా పంచుకోవాల్సిన చోట ఆయనకున్నవే రెండు తగ్గాయి! మనవాడు ఎలాగూ ఫైనల్‌కి వెళ్తాడు కదా, ఎదురుగా బలహీనుణ్ని నిలబెడదాం అని కొందరు ఓట్లు అటు మళ్లించారనే అందరి అనుమానం. క్యారమ్స్‌లో రెడ్ వేసి ఫాలో అందుకుందామని స్ట్రైకర్‌నే జేబులో పడేసుకున్నట్టు. తర్వాత సభ్యుల ఓటింగ్‌లో బేడెనాక్‌కి 53,806, జెన్రిక్‌కి 41,388.

ప్రశ్న: వాళ్ల గోల మనకెందుకు? మన దగ్గర ఇలాంటి పార్టీలే లేవా?
– ఒక పాఠకురాలు, సీతమ్మధార

జవాబు: ఉండేదమ్మా, మన గుమ్మంలోనే. 1959లో రాజాజీ పెట్టిన, ఆ కన్జర్వేటివ్‌ల తరహా స్వతంత్ర పార్టీకి మన ఎన్.జి. రంగాగారే అధ్యక్షుడు. 1967లో లోక్‌సభలో 44 సీట్లు, అప్పట్లో అతిపెద్ద ప్రతిపక్షం, రంగాగారు గెలిచింది పక్కనున్న శ్రీకాకుళం నుంచే. 1971లో ఎనిమిదికి పడిపోయింది, మరుసటేడు రాజాజీ పోయారు, 1974లో చరణ్ సింగ్ పార్టీలో కలిసిపోయింది. రాజాజీ తర్వాత ఎవరు అన్నదానికి వాళ్ల దగ్గర జవాబు లేకపోయిందని నా అభిప్రాయం.

ఇప్పటి మాటకొస్తే, 1981లోనే విశాఖ కార్పొరేషన్ గెలిచిన బీజేపీకి 2025 జులైలో రాష్ట్ర అధ్యక్షుడైన మాధవ్ గారు మన ఊరివారే, ఒకప్పుడు ఆ పదవిలో ఉన్న చలపతిరావు గారి అబ్బాయి. ఎన్నిక ఏకగ్రీవం. ఆ ఒక్క పార్టీనే అనడం లేదు, మన పార్టీల్లో చాలావాటిలో పేరు ముందు పైనుంచి వస్తుంది, చప్పట్లు తర్వాత పడతాయి. రౌండ్ల లెక్కలు చూసుకునే టెన్షన్ మనకి లేదు.

ప్రశ్న: ట్రస్‌తో పందెం కాసిన లెట్యూస్ అంటే ఏ కూర?
– ఒక విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: క్యాబేజీలా కనిపించే ఆకు, బర్గర్‌లో పెడతారే, అదే. ఆవిడ ముందు దిగిపోతుందా, ఇది ముందు వాడుతుందా అని ఒక పత్రిక కెమెరా ముందు పెట్టి, కళ్లు అతికించి, విగ్గు కూడా తొడిగింది. ఆకే గెలిచింది. అక్టోబరు చలి కాబట్టి సరిపోయింది, మే నెలలో మన రైతుబజారులో పెట్టి ఉంటే మధ్యాహ్నానికే పందెం తేలిపోయేది.