ప్రమోటర్‌గా సంతకం పెట్టబోతున్న సుధకు

చి. సౌ. సుధకు,

పెదనాన్న ఆశీస్సులు. విశాఖ మధురవాడలో ఎనిమిది వందల గజాలు డెవలప్‌మెంటుకు (స్థలం ఓనరుది, కట్టడం నీది, ఫ్లాట్లు ఇద్దరికీ) తీసుకుని ఇరవై ఫ్లాట్లు కట్టబోతున్నావని మీ నాన్న చెప్పాడు. మన ఇంట్లో డ్రాయింగులు గీసినవాళ్ళున్నారు, ఎస్టిమేట్లు వేసినవాళ్ళున్నారు గానీ ప్రమోటరని, అంటే కట్టి అమ్మే బాధ్యత తనదని, సంతకం పెట్టినవాళ్ళు లేరు. గర్వంగానే ఉంది. నిద్ర పట్టకపోవడానికీ అదే కారణం.

టైటిలు, ఈసీ (స్థలం మీది లావాదేవీలు చూపే పత్రం) లాయరు చూసుకుంటాడు. సాయిల్ టెస్టు రిపోర్టు రాకుండా ఫుటింగు (పునాది) మాట ఎత్తకు. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) నంబరు రాకముందు వాట్సాప్‌లో బ్రోషరు కూడా పంపకు. కొన్నవాళ్ళ డబ్బులో 70 శాతం విడి ఖాతాలో వేసి ఈ ప్రాజెక్టుకే వాడాలి. ఇవి నీకు నేను చెప్పాలా?

చెప్పాల్సింది వేరే ఉంది. 'తప్పు మేస్త్రీది, ప్లంబరుది' అనే మాట చట్టం ముందు చెల్లదు. రెరా చట్టం 14(3) ప్రకారం ఫ్లాటు స్వాధీనం చేసిన రోజునుంచి అయిదేళ్ళలోపు కట్టడంలోగానీ పనితనంలోగానీ లోపం ఉందని కొన్నవాళ్ళు చెబితే, పైసా అడగకుండా 30 రోజుల్లో నువ్వే సరిచేయాలి. చేయకపోతే పరిహారం కట్టాలి. పైగా రెరా ఉంది కదా అని వినియోగదారుల కమిషన్ తలుపులు మూసుకుపోలేదు, ఆ దారి కూడా తెరిచే ఉందని సుప్రీంకోర్టు 2020లో చెప్పింది. స్థలం ఇచ్చిన ఓనరు నీ భాగస్వామి కదా, మనమీదికి రాడనుకోకు. విశాఖలోని ఇలాంటి డెవలప్‌మెంట్ ఒప్పందం మీదే 2016లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. స్థలం ఓనరు కూడా వినియోగదారుడే అంది.

అయిదేళ్ళు స్వాధీనం నుంచి లెక్క. అందుకని తాళాలిచ్చిన రోజునే ఫ్లాటు నంబరు, తేదీ, మీటరు రీడింగు వేసి సంతకం తీసుకో. చాలామంది గృహప్రవేశం హడావిడిలో పడి ఇది మరిచిపోతారు.

ఇక బాత్‌రూమ్‌ల సంగతి. బిల్డర్లను కేసుల్లోకి లాగే పాత తప్పు ఇదే. ఎన్నిసార్లు చూసినా మనవాళ్ళకు బుద్ధి రాదు. సంకెన్ స్లాబుకు (పైపుల కోసం కిందికి దింపి వేసే బాత్‌రూమ్ స్లాబు) వాటర్‌ప్రూఫ్ కోటింగు వేస్తారు, బాగుంటుంది. మర్నాడు ప్లంబరు వచ్చి ట్రాప్ (నీళ్ళు పోయే వంపు పైపు) కోసం దానికే బొక్క కొడతాడు. పైపు చుట్టూ సిమెంటు మెత్తి వెళ్ళిపోతాడు. పీవీసీ పైపు నున్నగా ఉంటుంది, సిమెంటు ఆరుతూ ముడుచుకుంటుంది, రెంటికీ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. దాని మీద లేబరు విరిగిన ఇటుకలు, టైలు పెంకులు గుమ్మరిస్తారు, ఆ మొనలు కోటింగును చీలుస్తాయి. పైన టైల్స్ వేశాక ఏమీ కనిపించదు. నీళ్ళు లోపల చేరి, రెండు వర్షాకాలాలు తిరిగేసరికి కింది ఫ్లాటు సీలింగు మీద పసుపు మరక తేలుతుంది. పైవాళ్ళూ కిందివాళ్ళూ ఆర్నెల్లు పోట్లాడుకుని చివరికి ఇద్దరూ కలిసి నీమీద కేసు వేస్తారు. అప్పుడు కాపురం ఉంటున్న ఇంట్లో టైల్స్, ఫిల్లింగు మొత్తం పీకి 30 రోజుల్లో బాగుచేయాలి. ఎలా చేస్తావు?

కాబట్టి వరస మార్చు. ముందు పైపులన్నీ పెట్టించు. స్లాబులో దిగే చోట పైపును గరుకు కాగితంతో రుద్దించి, ముడుచుకోని గ్రౌటు పోయించు. గోడా స్లాబూ కలిసే మూల చుట్టూ రెండంగుళాల ఏటవాలు మోర్టారు పట్టీ తీయించు. కోటింగు రెండు పూతలు, రెండోది మొదటిదానికి అడ్డంగా. గోడమీదికి ఫ్లోరు మట్టం దాటి అడుగు ఎత్తు, షవరు దగ్గర ఆరడుగులు. ఆరాక సంకెన్ నిండా నీళ్ళు పోసి 72 గంటలు నిలబెట్టు, ఈలోగా కింది అంతస్తులోంచి స్లాబు అడుగు చూడు. తడి లేకపోతేనే పైన సన్నని మోర్టారు పొర వేయించి ఫిల్లింగు చేయించు. సంకెన్ అడుగునుంచి షాఫ్టులోకి (పైపులు దిగే సందు) చిన్న డ్రెయిన్ పైపు మరవకు. ఫ్లాటు నంబరు కనబడేలా ఫొటో తీసి, నీళ్ళు పెట్టిన తేదీ, తీసిన తేదీ రిజిస్టరులో రాసి ప్లంబరుతో సంతకం చేయించు. నిర్లక్ష్యం లేదని నువ్వు కోర్టులో చూపించగలిగేది ఆ రిజిస్టరునే. కేసు వచ్చాక రాసిన కాగితానికి విలువ లేదు.

నా భయం మరొకటుంది, దాన్ని చాదస్తమనుకున్నా సరే. ఉప్పుగాలి. సముద్రం గాలి తగిలే కాంక్రీటుకు కాంక్రీటు కోడు ఐఎస్ 456 ప్రకారం ఎం30 బలం కావాలి, కడ్డీమీద 45 మిల్లీమీటర్ల కాంక్రీటు కవరు ఉండాలి, నీళ్ళు సిమెంటు బరువులో 0.45 వంతు మించకూడదు. అంటే 50 కిలోల బస్తాకు ఇరవై రెండున్నర లీటర్లు, ఇసుకలోని తడితో కలిపి. సెంట్రింగువాళ్ళు కవర్ బ్లాకుల బదులు కంకర రాళ్ళు దూర్చి కానిచ్చేస్తారు. కాంక్రీటు దిగడానికి మేస్త్రీ ట్రక్కులో రెండు బకెట్లు పోయిస్తాడు. అప్పుడు 'వద్దు, వెనక్కి పంపు' అనడానికి నువ్వు అక్కడ ఉండాలి. ఇలాంటి కడ్డీ ఏడో ఏటో ఎనిమిదో ఏటో తుప్పెక్కి ఉబ్బి సీలింగు రాలుస్తుంది. అయిదేళ్ళు దాటిపోయింది కదా అనుకునే బిల్డర్లు ఉన్నారు. నువ్వు ఆ లెక్క వేసుకోకు తల్లీ. స్లాబు కూలి ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత 106 కింద అయిదేళ్ళదాకా జైలు ఉంటుంది. 2014లో చెన్నై మౌలివాక్కంలో పదకొండు అంతస్తులు కూలి 61 మంది పోయారు. వాళ్ళలో మన శ్రీకాకుళం, విజయనగరం కూలీలు ఉన్నారు.

అందుకే సెంట్రింగు ఊడదీసే తేదీ మేస్త్రీకి వదలకు. ఆధారాల మధ్య నాలుగున్నర మీటర్లలోపు ఉన్న స్లాబుకు 7 రోజులు, దాటితే 14. ఆరు మీటర్లు దాటిన బీముకు 21. పీపీసీ (ఫ్లైయాష్ కలిసిన) సిమెంటైతే తడుపు 10 రోజులకు తగ్గొద్దు. స్లాబు రోజున బలం పరీక్షించే కాంక్రీటు క్యూబులు ట్రక్కు దగ్గర నీ కళ్ళముందు తీయించు, 28 రోజుల రిపోర్టు ఫైలులో పెట్టు.

కాంట్రాక్టరు ఒప్పందంలో నీమీద ఉన్న అయిదేళ్ళ బాధ్యతను అతనిమీదా పెట్టించు. బిల్లుల్లో అయిదు శాతం ఆపి, కనీసం రెండు వర్షాకాలాలు చూశాక వదులు. గొణుగుతాడు, గొణగనీ. అతను పారిపోతే మటుకు బాధ్యత నీదే, ఆ కాగితం అతని దగ్గర వసూలు చేసుకోవడానికి మాత్రమే.

వేళకు తిను. సైటులో హెల్మెట్ తీయకు. స్ట్రక్చరల్ డ్రాయింగులు రాగానే పిల్లర్ షెడ్యూలు, ఫుటింగు షీటు ముందు నాకు పంపు. పిల్లరు కడ్డీలను చుట్టే రింగుల కొక్కెం 135 డిగ్రీలు వంచమని షీటుమీద రాసి ఉందో లేదో చూస్తాను.

మీ పెదనాన్న